వేడికి చావని తోడు

మా అమ్మమ్మకి థర్మామీటరు అంటే ఏమిటో తెలియదు. అయినా ఆవిడ చిటికెనవేలు ఏ థర్మామీటరుకీ తీసిపోయేది కాదు. రాత్రి భోజనాలయ్యాక పాలు కాచి, గిన్నె దించి, కాసేపు ఊరుకుని వేలి కొస ముంచి చూసేది. "ఉహూఁ, ఇంకా తాళాలి" అనేది. మళ్ళీ కాసేపాగి ముంచేది. గోరువెచ్చన అయిందని ఆ వేలు ఒప్పుకున్నాక గాని మజ్జిగచుక్క వేసేది కాదు. ఒకనాడు ఆవిడకి నలతగా ఉండి ఆ పని నాకు అప్పజెప్పింది. నిద్ర ముంచుకొస్తోంది. పొగలు కక్కుతున్న పాలల్లోనే తోడు వేసేసి వెళ్ళి పడుకున్నాను. తెల్లవారి చూస్తే పెరుగు లేదు, పాలు పాలుగానే ఉన్నాయి.

"వేడి పాలల్లో వేస్తే తోడు చచ్చిపోతుందిరా నాయనా! దానికి మాత్రం ప్రాణం లేదూ?" అంది అమ్మమ్మ.

పెద్దయ్యాక తెలిసింది, ఆ రోజుల్లో సూక్ష్మజీవులను గురించి పండితులు చెప్పే మాటా ఇంచుమించు ఇదేనని. ప్రాణం ఉన్నది ఏదైనా వేడికి ఓర్చుకోలేదు. అందుకే పాలు కాస్తాం, నీళ్ళు మరగబెడతాం, సూదుల్ని ఆవిరిలో పెడతాం. కొన్ని మొండి క్రిములు లేకపోలేదు గాని, అవి 55, 60 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర హాయిగా పెరిగితే అదే గొప్పగా చెప్పుకునేవారు. అంతకు మించిన వేడిలో కాపురం పెట్టే జీవి ఉంటుందని వెతికినవాళ్ళు బహు తక్కువ. లేదనుకున్నదాన్ని ఎవరు వెతుకుతారు చెప్పండి!

వెతకకుండానే చూసినాయన ఒకరున్నారు. ఆయన పేరు థామస్ బ్రాక్. 1926లో క్లీవ్‌లండ్‌లో పుట్టాడు. అమెరికాలో ఇండియానా విశ్వవిద్యాలయంలో సూక్ష్మజీవశాస్త్రం చెప్పేవాడు. ఆయనకొక చాదస్తం ఉండేది. క్రిముల్ని గాజుగిన్నెల్లో, మేపి పెంచినవాటిని చూస్తే ఏం తెలుస్తుంది, అవి తమ ఊళ్ళో తమ ఇంట్లో ఎలా ఉంటాయో చూడాలి గాని అనేది ఆయన పట్టు. ఆ పట్టుతోనే 1964 వేసవిలో కారెక్కి పడమటి తీరానికి బయల్దేరి, దారిలో ఎల్లోస్టోన్ చూడటానికి ఆగాడు.

ఎల్లోస్టోన్ అంటే వయోమింగ్, మోంటానా, ఐడహో రాష్ట్రాలకు చెందిన మహారణ్యం. 1872లో దాన్ని జాతీయ పార్కుగా ప్రకటించారు. ప్రపంచంలో అలాంటి పార్కుల్లో అదే మొదటిది. భూమి కడుపులో ఉన్న వేడి అక్కడ పైకి తన్నుకొస్తూ ఉంటుంది. వేడినీటి బుగ్గలు, బురదగుంటలు, ఆవిరి బిలాలు అన్నీ కలిపి 10,000కి పైగా ఉన్నాయి. ప్రపంచంలో నీళ్ళు ఎగజిమ్మే గీజర్లలో ఇంచుమించు సగం అక్కడే ఉన్నాయంటారు. ఎత్తైన చోటు కావడం వల్ల నీళ్ళు 100 డిగ్రీలదాకా పోకుండానే, 93 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. జనం వెళ్ళి ఫోటోలు తీసుకుంటారు, ముక్కు మూసుకుంటారు, గంధకం వాసన అని చెప్పుకుంటూ వచ్చేస్తారు.

బ్రాక్ కూడా వాళ్ళలాగే వెళ్ళాడు. కాని ఆయన కంటికి ఆవిరి కన్నా రంగులు ఎక్కువ కనబడ్డాయి. బుగ్గలోంచి పొర్లిన నీరు కాలవ కట్టి పారుతూ చల్లబడుతుంటే, ఆ కాలవ పొడుగునా పచ్చ, నారింజ, గోధుమ రంగుల పట్టీలు. ముగ్గుల్లో రంగులు నింపినట్టు ఏ వేడికి ఆ రంగు. ఇవన్నీ జీవులే. వచ్చే ఏడు మళ్ళీ వచ్చాడు. ఈసారి ఆక్టోపస్ స్ప్రింగ్ అనే బుగ్గ దగ్గర, నీరు పొర్లే మార్గంలోనే గులాబిరంగు దారపు పోగులు ఊగుతూ కనిపించాయి. థర్మామీటరు ముంచితే 80 డిగ్రీలు దాటింది. మా అమ్మమ్మ వేలు పెడితే బొబ్బలెక్కే నీళ్ళలో కుచ్చులు కుచ్చులుగా ఏదో బతికేస్తోంది!

తమాషా ఏమిటంటే, ఆ గులాబి పోగులు బ్రాక్‌కి లొంగలేదు. ఎంత బతిమాలినా ప్రయోగశాలలో పెరగలేదు. వేరేవాళ్ళ చేతిలో అవి లొంగి, పేరు పెట్టించుకోవడానికి 1998 దాకా పట్టింది. అయితే బ్రాక్ మరొక యుక్తి చేశాడు. గాజుపలకలకు దారం కట్టి మరిగే బుగ్గల్లోకి వేలాడదీశాడు. కొన్నాళ్ళకు తీసి మైక్రోస్కోపు కింద పెడితే వాటికి క్రిములు అంటుకుని పెరుగుతున్నాయి. బావిలో బొక్కెన వేసి నీళ్ళు తోడినంత సులువైన ప్రయోగం. కాని అదివరకు అలా వేసి చూద్దామనుకున్నవారు కనబడరు.

ఆయన దగ్గర అప్పుడు హడ్సన్ ఫ్రీజ్ అని ఓ కుర్రాడు చేరాడు. ఇంకా డిగ్రీ చదువుతున్నవాడు. ఫ్రీజ్ అంటే గడ్డకట్టడం కదా, ఆ పేరు పెట్టుకుని మరిగేనీళ్ళ పరిశోధనలో దిగాడు పాపం! 1966లో మష్‌రూమ్ స్ప్రింగ్ అనే మరో బుగ్గ నుంచి తెచ్చిన నీటిలోంచి ఆ అబ్బాయి ఒక క్రిమిని పట్టి పెంచాడు. దానికి 70 డిగ్రీల వేడి అంటే పండగ. ఆ వేడిలో 50 నిమిషాలకొకసారి ఒకటి రెండవుతుంది. 79 దాకా ఓర్చుకుంటుంది. 40 కన్నా తగ్గితే పెరగనే పెరగదు. మనం జ్వరంతో మంచం పట్టే వేడిలో అది చలికి ముడుచుకుని కూర్చుంటుందన్నమాట.

ఇంకో చిత్రం. దాన్ని పెంచేందుకు పెట్టే తిండి పలచగా ఉండాలి. ప్రయోగశాలల్లో మామూలుగా క్రిములకు పెట్టే చిక్కటి పులుసులాంటి ఆహారం పెడితే అది మొలవదు. అదివరకటివాళ్ళకు చిక్కకపోవడానికి ఇదొక కారణం. వేడి చాల్లేదు, తిండి ఎక్కువైంది. పథ్యం పెట్టినవాడికే అది దొరికింది.

1969లో బ్రాక్, ఫ్రీజ్ ఇద్దరూ కలిసి దాన్ని గురించి వ్రాశారు. థెర్మస్ ఆక్వాటికస్ అని నామకరణం చేశారు. వేడినీటివాడు అనుకోండి మన భాషలో. ఆ వ్యాసంలోనే ఒక కొసమెరుపు ఉంది. ఈ జీవి బుగ్గల్లోనే కాదు, బుగ్గలకు ఎంతో దూరాన ఊళ్ళల్లో, మనుషులు అమర్చుకున్న వేడినీటి పంపుల్లో కూడా దొరికిందట! వేల మైళ్ళు తిరిగి వెతికినది ఇంటి కొళాయిలో ఉండటం అన్ని దేశాల్లోనూ జరిగేదే కాబోలు.

బ్రాక్ దాని నమూనాను దేశంలోని సూక్ష్మజీవుల భాండాగారానికి పంపించాడు. అక్కడ ఎవరైనా రుసుం కట్టి తీసుకోవచ్చు. పేటెంటూ లేదు, షరతులూ లేవు. దీనివల్ల ఉపయోగం ఏమిటని ఎవరైనా అడిగితే చెప్పడానికి అప్పటికి ఆయన దగ్గర జవాబు లేదు. తెలుసుకోవాలనిపించింది, తెలుసుకున్నాడు. అంతే.

*

సరే, ఆ క్రిమి బతుకుతోంది. ఎలా బతుకుతోంది? అసలు గమ్మత్తంతా ఇక్కడే ఉంది. ఇది అర్థం కావాలంటే ముందు వేడికి మామూలు ప్రాణి ఎందుకు చస్తుందో చూడాలి.

మన ఒంట్లో పనులన్నీ చేసిపెట్టేవి ఎంజైములు. అన్నం ముద్ద కాసేపు నమిలితే తియ్యగా అవుతుందే, అది ఉమ్మిలో ఉన్న ఎంజైము పని. ఎంజైము అంటే ప్రోటీనే. ప్రోటీను అంటే అమైనో ఆమ్లాలనే 20 రకాల పూసలతో గుచ్చిన పొడుగాటి దండ. ఆ దండ ఊరికే వేలాడదు, ఒక పద్ధతిగా ముడుచుకుని ఉండకట్టుకుంటుంది. ఆ ముడతల మధ్య ఒక చిన్న గూడు ఏర్పడుతుంది. పని జరిగేది ఆ గూట్లోనే. మడత చెడిందా, గూడు పోయింది. గూడు పోతే ఎంజైము లేదు.

వేడి అంటే మరేం కాదు, అణువుల కుదుపు. కోడిగుడ్డు ఉడకబెడితే తెల్లసొన గట్టిపడటం మనం రోజూ చూసేదే. అందులో ప్రోటీను దండలు కుదుపుకి మడత విప్పుకుని, ఒకదానికొకటి చిక్కుపడిపోతాయి. ఆ తర్వాత ఆ గుడ్డును మంచులో పెట్టినా మళ్ళీ సొన కాదు. నేను కాగే పాలల్లో వేసిన తోడుకి జరిగింది కూడా ఇంచుమించు ఇదే.

మరి 70 డిగ్రీల్లో పుట్టి పెరిగే జీవి ఎంజైములకు ఇది ఎందుకు జరగదు? మొదట్లో కొందరు అనుకున్నారు, దాని ప్రోటీన్లు ఏవో వేరే వస్తువులతో తయారై ఉంటాయని. లేదూ, కణం లోపల ఏదో వాటికి కాపు కాస్తోందని. ఫ్రీజ్ ఆల్డొలేజ్ అనే ఎంజైమును కణంలోంచి విడదీసి చూశాడు. 1970లో ఆ సంగతి బ్రాక్‌తో కలిసి ప్రకటించాడు. ఎవరి కాపూ లేకుండా అది 95 డిగ్రీల దగ్గర మహా జోరుగా పనిచేస్తోంది. 60 కన్నా తగ్గితే బద్ధకిస్తోంది. అంటే సత్తా ఎంజైములోనే ఉంది. పూసలు చూస్తే ఆ 20 రకాలే. కోడిగుడ్డులో ఉన్నవీ అవే, మనలో ఉన్నవీ అవే.

పూసలు అవే అయితే తేడా గుచ్చడంలోనూ ముడవడంలోనూ ఉండాలి. దాన్ని కంటితో చూడాలంటే ప్రోటీను స్ఫటికం చేసి ఎక్స్‌రేలు పంపాలి. వేడికి ఓర్చే ఎంజైముల్లో మొట్టమొదట అలా చిత్రానికి చిక్కినవాటిలో థెర్మోలైసిన్ ఒకటి. 1972లో బ్రయాన్ మాథ్యూస్, ఆయన తోటివాళ్ళు దాని ఆకృతి తేల్చారు. 316 పూసల దండ, మధ్యలో ఒక జింకు అణువు, అక్కడక్కడ చీలల్లా బిగించిన 4 కాల్షియం అణువులు. అంతా ఆశగా చూశారు, వేడిని తట్టుకునే రహస్యం బయటపడుతుందని. తీరా చూస్తే, ఇదీ రహస్యం అని వేలెత్తి చూపించదగ్గ వింత ఏదీ లేదు! మామూలు ప్రోటీను లాగే ఉంది.

1975లో మాక్స్ పెరూట్జ్ ఒక దారి చూపించాడు. రక్తంలోని హిమోగ్లోబిన్ ఆకృతి కనిపెట్టి 1962లో నోబెల్ బహుమతి అందుకున్న మహానుభావుడు ఆయన. ఒకే పని చేసే ప్రోటీనును చల్లటిచోట బతికే క్రిమిలోదీ, వేడిచోట బతికే క్రిమిలోదీ తీసుకుని పక్కపక్కన పెట్టి చూస్తే తేడా కొన్ని పట్లలో కనిపించింది. దండలో కొన్ని పూసలకు ధన విద్యుత్తు, కొన్నింటికి రుణ విద్యుత్తు ఉంటుంది. ముడుచుకున్నప్పుడు ఆ రెండు జాతులూ ఎదురెదురు పడితే ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. ఉప్పులో కూడా ఉండేది ఈ పట్టే కనుక వీటిని ఉప్పు వంతెనలు అంటారు. వేడి క్రిమిలో ఈ పట్లు కొన్ని ఎక్కువ.

కొన్ని ఎక్కువైతే చాలా? అంటే, చాలునట. ప్రోటీను మడత నిలబడటానికీ విడిపోవడానికీ మధ్య ఉన్న బలాబలాల తేడా బహు స్వల్పం. త్రాసులో రెండువైపులా మణుగుల బరువు ఉండి ముల్లు కాస్త ఇటు మొగ్గినట్టు. ఇటువైపు నాలుగు గింజలు వేస్తే ముల్లు గట్టిగా నిలుస్తుంది.

నాకు ఇది చదివినప్పుడు మా ఊరి గడ్డిబండి గుర్తొచ్చింది. గడ్డి ఏ బండిలోనైనా గడ్డే. అలవాటు లేనివాడు వేస్తే ఊరి పొలిమేర దాటకుండానే సగం రోడ్డుపాలు. తెలిసినవాడు వేసిన బండి గతుకుల్లోనూ కదలదు. వాడేమైనా ఇనప గొలుసులు వాడాడా? లేదు. మోపుల మధ్య ఖాళీ లేకుండా తొక్కి పేర్చాడు. వేలాడే కొసలు కత్తిరించాడు. మోకు ఎక్కడ పడాలో అక్కడ వేశాడు. వేడికి ఓర్చే ఎంజైము చేసేదీ అదే. నీళ్ళంటే గిట్టని పూసలన్నీ లోపలికి చేరి సందు లేకుండా ఒత్తుకుని కూర్చుంటాయి. బయట వదులుగా ఊగే ఉచ్చులు పొట్టిగా ఉంటాయి. వంపు తిరిగే చోట ప్రోలీన్ అనే బిరుసు పూస ఉంటే ఆ వంపు అటూ ఇటూ ఆడదు. వేడికి త్వరగా చెడే ఆస్పరజీన్‌లాంటి పూసలు తక్కువ ఉంటాయి. పైన ఉప్పు వంతెనలు మోకుల్లా బిగిసి ఉంటాయి. అన్ని ఎంజైములూ అన్ని యుక్తులూ వాడవు. ఒక్కొక్కటి తనకు వీలైన నాలుగు వాడుకుంటుంది.

1986లో కార్ల్ స్టెట్టర్, ఆయన సహచరుడు ఇటలీలోని వుల్కానో దీవి తీరాన పట్టుకున్న పైరోకాకస్ ఫ్యూరియోసస్ అనే ఘటం ఉంది. దానికి 100 డిగ్రీలంటే ప్రాణం. దాని ఎంజైము ఒకదాని ఆకృతి 1995లో చూస్తే, ఉప్పు వంతెనలు విడివిడిగా లేవు, గొలుసుకట్టుగా అల్లుకుని ఆరు ముక్కల ఎంజైమును అతుకుల దగ్గర కట్టేసి ఉన్నాయి. మోకు మీద మోకు అన్నమాట.

మరి ఇంత మంచి పద్ధతి ఉండగా అన్ని ప్రాణులూ ఇలాగే బిగించుకోవచ్చు కదా అంటారేమో. బిగువుకి ఖరీదు ఉంది. ఎంజైము పనిచేయాలంటే ఆ గూడు కాస్త కదలాలి, తెరుచుకోవాలి, మూసుకోవాలి. మరీ బిగించిన మోకు ముడి ఇంటికొచ్చాక ఊడిరాదు. వేడి ఎంజైమును చల్లటిచోట పెడితే బిర్రబిగుసుకుని కూర్చుంటుంది. ఫ్రీజ్ ఆల్డొలేజ్ 60 డిగ్రీల కింద బద్ధకించింది అందుకే. ఎవరి ఊరి వేడికి ఎంత వదులు, ఎంత బిగువు కావాలో ప్రకృతి అంతే ఇచ్చింది.

*

ఇప్పుడు కథ మలుపు తిరుగుతుంది. 1976లో సిన్సినాటి విశ్వవిద్యాలయంలో ఎలిస్ చియెన్ అనే విద్యార్థిని, డేవిడ్ ఎడ్గార్, జాన్ ట్రేలాలతో కలిసి థెర్మస్ ఆక్వాటికస్ నుంచి మరొక ఎంజైమును శుద్ధిచేసింది. డీఎన్ఏకి నకలు వ్రాసే గుమాస్తా అది. దాని పేరు డీఎన్ఏ పాలిమరేజ్. ఈ గుమాస్తా 80 డిగ్రీల దగ్గర ఉత్సాహంగా వ్రాస్తోందని ప్రచురించారు. పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. నకలు వ్రాసే గుమాస్తాలు మామూలు క్రిముల్లోనూ దొరుకుతూంటే, ఉడికే నీళ్ళలో కూర్చుని వ్రాసేది ఎవరికి కావాలి?

1983 వసంతకాలంలో ఒక శుక్రవారం రాత్రి కేరీ మల్లిస్ అనే ఆయన కాలిఫోర్నియా కొండదారిలో కారు నడుపుతున్నాడు. సీటస్ అనే కంపెనీలో రసాయన శాస్త్రజ్ఞుడు. ఆ దారిలో ఆయనకొక ఊహ తట్టింది. డీఎన్ఏ రెండు పేటల తాడు. వేడి చేస్తే పేటలు విడిపోతాయి. మనకు కావలసిన భాగానికి రెండు చివర్ల చిన్న గుర్తుముక్కలు అతికించి, గుమాస్తా ఎంజైమును వదిలితే ఒక్కో పేటకు జంట వ్రాస్తుంది. ఒకటి రెండయింది. మళ్ళీ వేడి చెయ్యి, మళ్ళీ వ్రాయించు, నాలుగు. పదిసార్లు చేస్తే 1,024. ఇరవైసార్లకు పది లక్షల పైచిలుకు. ముప్ఫైసార్లకు 107 కోట్లు! గడ్డివాములో సూది వెతకడం దేనికి, సూదుల్నే వాము వేసేస్తే పోలా? కారు రోడ్డు పక్కకు తీసి ఆపి లెక్క వేసుకున్నానని తర్వాత ఆయనే వ్రాసుకున్నాడు.

ఊహ బ్రహ్మాండం. ఆచరణలో ఒక తలనొప్పి. పేటలు విడిపోవాలంటే 95 డిగ్రీల దాకా వేడి చెయ్యాలి. అప్పట్లో వాడిన గుమాస్తా మన పేగుల్లో ఉండే కోలై క్రిమిది. 37 డిగ్రీల మనిషి. ఒక్కసారి వేడి చేసేసరికి దాని పని సరి, ఉడికిన గుడ్డే. ప్రతి చుట్టుకీ గొట్టం మూత తీసి కొత్త ఎంజైము పోయాలి. ముప్ఫై చుట్లంటే ముప్ఫైసార్లు! ఈ చాకిరీకి సీటస్ వాళ్ళు ఒక యంత్రం కట్టి దానికి మిస్టర్ సైకిల్ అని ముద్దుపేరు పెట్టుకున్నారు. ఆ అవస్థలోనే 1985లో రాండల్ సైకీ, హెన్రీ ఎర్లిక్ మొదలైనవాళ్ళు ఈ పద్ధతిని మొదటిసారి అచ్చులో చూపించారు. దేనికి వాడారనుకున్నారు? సికిల్ సెల్ రక్తహీనతను గుర్తుపట్టడానికి. మన ఏజెన్సీ గిరిజన గూడేల్లోనూ పిల్లల్ని పీల్చి పిప్పిచేసే జబ్బు అది. ఎక్కడి ఊహ, ఎవరి బిడ్డకి పనికొచ్చే పని!

అప్పుడు గుర్తొచ్చింది ఎల్లోస్టోన్ క్రిమి. ఉడికినా చావని గుమాస్తా ఉందని 1976లోనే వ్రాసిపెట్టారు కదా! సీటస్ భాండాగారానికి కబురు పెట్టింది. బ్రాక్ దాచిన నమూనా వచ్చింది. కట్టిన రుసుం 35 డాలర్లని చెబుతారు. డేవిడ్ గెల్ఫాండ్, సుసాన్ స్టాఫెల్ దాని పాలిమరేజ్‌ను శుద్ధిచేశారు, సైకీ పరీక్షించాడు. క్రిమి పేరులోంచి రెండు ముక్కలు తీసి దాన్ని టాక్ అని పిలిచారు. 95 డిగ్రీల్లో దాని బలం సగానికి తగ్గడానికి 40 నిమిషాలు పడుతుంది. చుట్టుకి అర నిమిషం చొప్పున ముప్ఫై చుట్లు ఉడికించినా పావుగంటే అయింది. ఒక్కసారి పోసి మూత బిగిస్తే చాలు. పైగా ఆ వేడిలో గుర్తుముక్కలు తప్పుడు చోట అతుక్కోవు గనుక నకళ్ళు కూడా శుభ్రంగా వచ్చాయి. 1988లో ఈ సంగతి ప్రచురితమైంది. 1989లో సైన్స్ పత్రిక ఏడాది మేటి అణువుగా టాక్‌ను ఎంపిక చేసింది.

1995లో థామస్ స్టైట్జ్ బృందం టాక్ ఆకృతిని చూసింది. 832 పూసల దండ. సగం మూసిన కుడిచెయ్యిలా ఉంటుంది. అరచెయ్యి, వేళ్ళు, బొటనవేలు అనే పేర్లే వాడతారు. ఆ పిడికిలిలో డీఎన్ఏ పేటను పట్టుకుని నకలు వ్రాస్తుంది. ఇదే స్టైట్జ్ 1985లో కోలై గుమాస్తా ఆకృతినీ చూసి ఉన్నాడు. రెంటినీ పక్కన పెడితే అక్కాచెల్లెళ్ళే. అదే చెయ్యి, అదే వాటం. ఒకటి 37 డిగ్రీలకు, ఒకటి 70కి బిగించినవి, అంతే తేడా. ఒక్క లోపం మాత్రం ఉంది. కోలై గుమాస్తా వ్రాసింది మళ్ళీ చూసుకుని తప్పు దిద్దుకుంటుంది. టాక్‌లో ఆ దిద్దుబాటు గది ఉంది గాని లోపల పరికరాలు లేవు. అందుకని అప్పుడప్పుడు అక్షరం తప్పుతుంది. తప్పులు పనికిరాని చోట, ఇందాక చెప్పిన వుల్కానో దీవి క్రిమి గుమాస్తాను పెట్టుకుంటారు. అది దిద్దుకుంటుంది కూడాను.

ఈ స్టైట్జ్‌తో పాటు 2009లో నోబెల్ పంచుకున్న ముగ్గురిలో మన చిదంబరంలో పుట్టిన వెంకటరామన్ రామకృష్ణన్ ఉన్నారు. కణంలో ప్రోటీన్లు తయారుచేసే రైబోజోము ఆకృతికి ఆ బహుమతి. 2000లో ఆయన ఆకృతి తేల్చిన చిన్నభాగం థెర్మస్ థెర్మోఫిలస్ అనే క్రిమిది. జపాన్‌లోని ఈజు వేడిబుగ్గలో దొరికిన, మన కథానాయకుడి దాయాది. వేడి జీవుల అణువులు బిగువుగా ఉంటాయి గనుక స్ఫటికాలుగా చక్కగా కుదురుతాయి. హిమాలయాల్లో మణికరణ్ ఉందే, యాత్రికులు గుడ్డలో బియ్యం మూటగట్టి కుండంలో ఉడికించుకునే చోటు, అక్కడి నీళ్ళలోంచి మన ఢిల్లీ శాస్త్రజ్ఞులు పట్టిన మరో దాయాదికి పార్వతీ లోయ పేరు మీదుగా థెర్మస్ పార్వతియెన్సిస్ అని పేరు పెట్టారు. మన అన్నం ఉడికే నీళ్ళలోనూ వీళ్ళ కాపురాలున్నాయన్నమాట.

*

ఇక డబ్బు సంగతి. 1991లో హాఫ్‌మన్ లా రోష్ కంపెనీ ఈ పద్ధతి హక్కుల్ని సీటస్ నుంచి 30 కోట్ల డాలర్లకు కొనుక్కుంది. మల్లిస్‌కి సీటస్ ఇచ్చిన బహుమానం 10,000 డాలర్లు. 1993లో నోబెల్ వచ్చింది లెండి. ఆ తర్వాత ఎయిడ్స్‌కి ఆ వైరస్ కారణం కాదంటూ అడ్డదిడ్డంగా మాట్లాడి పేరు చెడగొట్టుకున్నాడు. పెద్ద ఊహ వచ్చినవాడికి అన్ని ఊహలూ సరైనవే రావాలని లేదు. 2019లో పోయాడు.

ఎల్లోస్టోన్‌కి ఏం వచ్చింది? ఏమీ రాలేదు. బుగ్గ వాళ్ళది, నీళ్ళు వాళ్ళవి, వాటా మాత్రం సున్న. ఆ తర్వాతే కళ్ళు తెరిచి, 1997లో ఒక కంపెనీతో లాభంలో పాలు ఇవ్వాలని ఒప్పందం వ్రాసుకున్నారు. దూడ చచ్చాక పాలకుండ కడిగినట్టు.

బ్రాక్‌కి? ఆ నకళ్ళ సొమ్ములో ఆయనకు పాలు లేదు. ఆయన ఎప్పుడో 1971లోనే విస్కాన్సిన్‌కి మారాడు. పెద్దతనంలో భార్యతో కలిసి అక్కడ కొండవాలు భూములు కొని, పాత గడ్డిమైదానాన్నీ ఓకు చెట్లనూ మళ్ళీ మొలిపించే పనిలో పడ్డాడు. 2013లో ఆయనకూ ఫ్రీజ్‌కూ కలిపి ఓ బహుమతి ఇచ్చారు. దాని పేరు బంగారుబాతు. ఎందుకూ పనికిరాదనిపించి ఎంతో పనికొచ్చిన పరిశోధనలకు ఇచ్చేది. మొదటి రోజుల్లో ఆ బుగ్గల పనికి డబ్బిచ్చింది ప్రభుత్వమే. ఉపయోగం ముందు చెప్పమని నిలదీసి ఉంటే ఆ రోజున ఆ కాగితం చెత్తబుట్టలో పడేది. ఫ్రీజ్ ఆ తర్వాత పిల్లలకు పుట్టుకతో వచ్చే అరుదైన జబ్బుల పరిశోధనలో స్థిరపడ్డాడు.

2020లో మా ఇంట్లో అందరికీ దగ్గు, జ్వరం. ముక్కులో పుల్ల దూర్చి తీసుకెళ్ళారు. ఆర్‌టీపీసీఆర్ అన్న మాట అప్పటికి పాలవాడికి కూడా నోటికొచ్చేసింది. ఆ రాత్రి మా ఆవిడ నిద్రపోలేదు. "ఎంతసేపండీ, అది చెప్పడానికి?" అని పదిసార్లు అడిగింది. పుల్లకి అంటిన వైరస్ వ్రాతను ముందు డీఎన్ఏగా మార్చి, దాన్ని ఒకటి రెండు, రెండు నాలుగు అని వేడిచేస్తూ చల్లారుస్తూ పెంచుతారని చెప్పాను. "వేడిచేస్తే పాడైపోదూ?" అంది ఆవిడ. పాలు తోడు పెట్టే చెయ్యి కదా, ఆ అనుమానం రావడం సహజం. అప్పుడు చెప్పాను, ఎల్లోస్టోన్ బుగ్గ దగ్గర ఆగిన ఓ పంతులుగారి కథ.

తెల్లవారి ఫలితాలు వచ్చాయి. ఇద్దరికి ఉంది, ఇద్దరికి లేదు. ఉన్నవాళ్ళని గదిలో వేరుగా పెట్టాం, అందరం బతికి బయటపడ్డాం. అటువంటి రాత్రులు ఆ రెండేళ్ళలో లోకంలో ఎన్ని కోట్ల ఇళ్ళల్లో గడిచాయో! వాళ్ళలో బ్రాక్ పేరు విన్నవాళ్ళు ఎందరు? 2021 ఏప్రిల్లో, లోకమంతా ఆ పరీక్ష కోసం వరసలు కట్టి నిలబడ్డ రోజుల్లోనే, 94 ఏళ్ళ వయసులో ఆయన కన్నుమూశాడు. నేనైతే ఆ సంగతి చాలా ఆలస్యంగా, ఏదో వెతుకుతుంటే చదివాను.

మా అమ్మమ్మ ఉండి ఉంటే ఈ కథ చెప్పేవాణ్ణి. మరిగేనీళ్ళలో బతికే తోడు ఉందే అమ్మమ్మా అంటే నమ్మేది కాదు. "పోరా, వేళాకోళాలూ నువ్వూను" అని, పాలల్లో వేలు ముంచి చూసుకునేది. ఆవిడ తప్పు కూడా కాదు. ఆవిడ గిన్నెలో తోడు మటుకు గోరువెచ్చటిదే మరి.